మలపరీక్షకు చిక్కని నులిపురుగు

పిల్లవాడు అర్ధరాత్రి నిద్రలో పిర్రల మధ్య గోక్కుంటున్నాడంటే ముందు అనుమానించాల్సింది నులిపురుగులనే. డాక్టర్ చీటీలో దీన్ని ఎంటరోబయాసిస్ అని రాస్తారు. గ్రీకులో ఎంటెరాన్ అంటే పేగు, బయోస్ అంటే బతుకు. పాత వైద్యగ్రంథాల్లో ఆక్సీయూరియాసిస్ అని కనిపించినా అదీ ఇదే.

మనం మాత్రం నులిపురుగులు అన్న ఒక్క మాటనే అన్ని పురుగులకూ వాడేస్తాం, తికమకంతా అక్కడే. 2015లో మొదలై, ఇప్పుడు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే మాత్ర ముఖ్యంగా ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగుల కోసం. అవి మట్టి ద్వారా వచ్చేవి. ఏలికపాము గుడ్డు మట్టిలో వారాల తరబడి ఉంటేగానీ అంటుకోదు. ఎంటరోబయాసిస్ పురుగుకి మట్టితో పనే లేదు. దాని గుడ్డు 4 నుంచి 6 గంటల్లోనే అంటుకోవడానికి సిద్ధమవుతుంది. హైదరాబాద్‌లో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో, టైల్స్ మీద ఆడుకునే పిల్లలకూ రావడానికి కారణం ఇదే.

ఆడపురుగు తెల్లటి దారపు పోగులా 8 నుంచి 13 మిల్లీమీటర్లుంటుంది. రాత్రి మలద్వారం బయటికొచ్చి, చుట్టూ చర్మం మీద పదివేలకు పైగా గుడ్లు పెడుతుంది. పిల్లలు గోక్కుంటారు, గుడ్లు గోళ్లలోకి, అక్కడినుంచి నోట్లోకి చేరతాయి. గుడ్లు పేగులో కాక బయట పెడుతుంది కాబట్టి మలపరీక్షలో నూటికి 5 నుంచి 15 మందికి మించి బయటపడదు. రిపోర్టు నార్మల్ అని వచ్చిందని ఊరుకోవద్దని గట్టిగా చెప్పేది అందుకే.

దీనికి సరైన పరీక్ష టేపు. ల్యాబ్‌ నుంచి గాజు స్లైడు ముందే తెచ్చుకోండి. పొద్దున లేవగానే, దొడ్డికి వెళ్లకముందు, కడగకముందు, పూర్తి పారదర్శకంగా ఉండే టేపు ముక్కని జిగురు వైపు మలద్వారం చుట్టూ అద్ది, అదే వైపు స్లైడుకి అంటించండి. మసకగా ఉండే టేపు పనికిరాదు, మైక్రోస్కోపులో ఏమీ తేలదు. ఒకరోజుతో ఆపకుండా వరసగా 3 పొద్దులు తీస్తే పదింట తొమ్మిది కేసులు దొరుకుతాయి. పిల్లలు పడుకున్న 2, 3 గంటలకు టార్చి వేసి చూస్తే పురుగే కనబడొచ్చు. పళ్లు కొరకడం, తీపి తినడం మాత్రం దీనికి రుజువులు కావు.

మందు సులువే. రెండేళ్లు దాటినవారికి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒక్క మోతాదు. చిన్నపిల్లలకు మాత్ర పొడిచేసి ఇవ్వాలి, గొంతుకు అడ్డం పడకుండా. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు. ముఖ్యంగా మొదటి మూడు నెలల గర్భంలో అసలు వాడకూడదు.

అందరూ తప్పేది రెండో మోతాదు దగ్గరే. మందు పురుగుల్ని చంపుతుంది కానీ గుడ్ల మీద నమ్మకంగా పనిచేయదు. మిగిలిన గుడ్లనుంచి వచ్చే పురుగుల కోసం సరిగ్గా 2 వారాలకు మళ్లీ వేయాలి. ఒక్క పిల్లాడికే వేసి, పక్కన పడుకునే అక్కకి, అమ్మకి, నానమ్మకి వేయకపోయినా అంతే సంగతి. ఇంటిల్లిపాదీ ఒకే రోజు మింగాలి.

గుడ్లు ఇంట్లో 2, 3 వారాలు బతుకుతాయి. దుప్పట్లని బాల్కనీలో దులపడం మన అలవాటు, ఆ రోజులన్నీ మానండి. దులిపితే గుడ్లు గాలిలో లేచి ముక్కు, నోటి దారిన లోపలికి పోతాయి. మెల్లగా మడిచి, వేడినీళ్లలో ఉతికి, డాబా మీద ఎండలో ఆరేయండి. స్నానం సాయంత్రం కాకుండా పొద్దున్నే చేయించండి, రాత్రి పెట్టిన గుడ్లు కడుక్కుపోతాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి. పిల్లలకి కడిగిన ప్రతిసారీ మీ చేతులు సబ్బుతో, గోళ్ల కింద కూడా రుద్ది కడుక్కోండి. కుక్క, పిల్లి నుంచి ఇది రాదు, వాటిని ఏమీ అనకండి.

ఆడపిల్లల్లో పురుగు ముందువైపు పాకి అక్కడా దురద, మంట, తెల్లబట్ట తెస్తుంది. మూత్రంలో మంట అని చెప్పే పిల్లకి మూత్రపరీక్షతో పాటు టేపు పరీక్ష కూడా చేయమని అడగండి.