హారీ డీన్ ఊళ్ళో కటింగ్

ఏప్రిల్‌లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో హోటల్ రూము తీసుకోవడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. కీన్‌లాండ్‌లో గుర్రప్పందేలు నడిచే రోజులవి. మామూలు రోజుల్లో 110 డాలర్లకు దొరికే గదికి నా దగ్గర 240 తీసుకున్నారు. అంత పోసినా బాత్రూంలో పంపు రాత్రంతా కారుతూనే ఉంది. కిందికి ఫోన్ చేసి చెబితే, కౌంటర్లో కుర్రాడు "కింద ఓ టవలు వేసుకోండి, చప్పుడు రాదు" అన్నాడు. పందేలకి వచ్చినవాళ్ళకి ఆ డబ్బు ఒక్క రేసులో తిరిగొచ్చేస్తుందేమో. నేనొచ్చింది ఒక నటుడి కోసం. అదీ 2017లో చనిపోయిన నటుడి కోసం.

హారీ డీన్ స్టాంటన్. పేరు చెబితే మనవాళ్ళలో చాలామంది "ఎవరూ?" అంటారు. ఫోన్‌లో ఫొటో తీసి చూపిస్తే మాత్రం "ఓ, ఈయనా!" అంటారు. బక్కపల్చటి మనిషి, పీక్కుపోయిన బుగ్గలు, వారం రోజులుగా నిద్రలేనట్టుండే కళ్ళు. 'ఏలియన్'లో పిల్లిని వెతుక్కుంటూ ఒంటరిగా వెళ్ళి ప్రాణం మీదకు తెచ్చుకునే బ్రెట్ ఈయనే. 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో ఎఫ్‌బీఐ మనిషి, 'కూల్ హ్యాండ్ ల్యూక్'లో గిటార్ వాయిస్తూ భక్తిపాట పాడే ఖైదీ కూడా ఈయనే. అరవయ్యేళ్ళు సినిమాల్లో ఉన్నాడు. అందులో హీరోగా నిలబడింది ఒకటి రెండు సినిమాల్లోనే.

ఆ 'కూల్ హ్యాండ్ ల్యూక్' వచ్చిన 1967లోనే మన దగ్గర బాపు గారి 'సాక్షి' వచ్చింది. అందులో వేసిన రంగారావు గారికి సినిమా పేరే ఇంటిపేరయి కూర్చుంది. స్టాంటన్ కథ దీనికి ఉల్టా. అప్పటికే హారీ స్టాంటన్ అని ఇంకో నటుడు ఉండటంతో, సొంత పేరులో ముందు ముక్క వదిలేసి, చాలా ఏళ్ళు టైటిల్స్‌లో డీన్ స్టాంటన్ అని వేయించుకున్నాడు. సినిమా విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ఈయన మీద ఒక సూత్రమే పెట్టాడు: పక్క పాత్రలో హారీ డీన్ స్టాంటన్ గానీ ఎమ్. ఎమ్మెట్ వాల్ష్ గానీ ఉంటే ఆ సినిమా పూర్తిగా చెత్తదై ఉండదని. ఆ సూత్రం తప్పిన సినిమా ఒకటుందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడనుకోండి. అయినా మన రంగారావు గారికి, పి.ఎల్. నారాయణ గారికి ఎవరైనా ఇలాంటి సూత్రం రాసిపెట్టారా?

సిన్సినాటి నుంచి దారి గురించి చెప్పేదేముంది. బ్రెంట్ స్పెన్స్ బ్రిడ్జి మీద ఎప్పటిలాగే ట్రాఫిక్, ఆ తర్వాత ఫ్లోరెన్స్ నీళ్ళ ట్యాంకు, ఆ తర్వాత 75 హైవే మీద నిద్ర. లెక్సింగ్టన్‌లో చూసిందీ తక్కువే. 1922 నాటి కెంటకీ థియేటర్ బయట నిలబడి ఫొటో తీసుకున్నాను. ఈయన పేరు మీద 2011 నుంచి ఈ ఊళ్ళో సినిమా పండగ చేస్తున్నారు. యూనివర్సిటీలో గిన్యోల్ థియేటర్ తలుపు వేసి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరి, ఒకినావా దగ్గర ఓడలో వంటవాడిగా పనిచేసి వచ్చిన కుర్రాడు ఇక్కడ జర్నలిజం చదువుతూ నాటకాల్లో పడ్డాడు. చదువు మానేసి నటుడివి కమ్మని చెప్పింది నాటకాలు వేయించే వాలెస్ బ్రిగ్స్ అనే మాస్టారు. అలా చెప్పే మాస్టార్లు మనకు దొరకరు, దొరికినా మన నాన్నలు ఆయన్ని ఊళ్ళో ఉండనివ్వరు. కుర్రాడు కాలిఫోర్నియాలో పాసడీనా ప్లేహౌస్ అనే నాటకశాలకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆ పంపు చప్పుడు నుంచి పారిపోయి ఆయన ఊరు ఇర్విన్‌కి బయల్దేరాను. రిచ్‌మండ్ దగ్గర 75 దిగి 52 ఎక్కగానే ప్రపంచం మారిపోతుంది. ఎత్తుపల్లాలు, మలుపులు, ఆకులు రాకముందే కొమ్మ కొమ్మకీ గులాబీ రంగు పూసిన రెడ్‌బడ్ చెట్లు. పొలాల్లో అక్కడక్కడ నల్లరంగు వేసిన పాత పొగాకు కొట్టాలు. అవి చూడగానే మనసు టంగుటూరు పోయింది. మా తాతకి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు రెండుండేవి. కోసిన పచ్చాకుని కర్రలకి అల్లి లోపల వేలాడదీసి, రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా కూర్చునేవాళ్ళు. వేడి కాస్త అటూఇటూ అయితే గ్రేడు పోయేది, గ్రేడు పోతే అప్పు మిగిలేది. ఇక్కడ పండేది బర్లీ రకం. దానికి పొయ్యి అక్కర్లేదు. మొక్కని మొక్కలా నరికి కర్రకి గుచ్చి పైన వేలాడదీస్తే, గోడ చెక్కల సందుల్లోంచి వచ్చే గాలికే ఆరుతుంది. 2004లో ప్రభుత్వం ఎవరెంత పండించాలో చెప్పే కోటాలు ఎత్తేసి డబ్బిచ్చి పంపేశాక చాలామంది పొగాకు వేయడం మానేశారు. ఆ కొట్టాల్లో ఇప్పుడు ట్రాక్టర్లు, పాత పడవలు ఉన్నాయి.

స్టాంటన్ తండ్రిదీ పొగాకు సాగే. దాంతోపాటు మంగలి పని కూడా. తల్లి ఆడవాళ్ళకి జుట్టు దిద్దేది. ఈ విషయం నేను ఇర్విన్ వెళ్ళేదాకా మామూలు సమాచారంగానే చదివాను.

ఇర్విన్ రెండున్నర వేలకు అటూఇటూగా జనం ఉన్న ఊరు. కెంటకీ నది ఒడ్డున కోర్టు, నాలుగు వీధులు, కొండలు. హారీ డీన్ పేరుతో బోర్డు గానీ బొమ్మ గానీ ఉంటుందేమోనని వీధులన్నీ చుట్టాను, నా కంటికేమీ కనపడలేదు. విసుగొచ్చింది. ఆకలి కూడా. అప్పుడు కనిపించింది గాజు తలుపు మీద కత్తెర బొమ్మ, పక్కనే అట్టముక్క మీద మార్కరుతో రాసిన ధర: 15 డాలర్లు. మా ఊళ్ళో 28, పైన టిప్పు. కటింగ్ చేయించుకుని నెల దాటింది కూడా. లోపలికి వెళ్ళాను.

డెబ్భై దాటిన పెద్దాయన. వెనక గోడ దగ్గర కుర్చీలో టోపీ పెట్టుకున్న ఇంకో పెద్దాయన పేపరు చదువుతున్నాడు, కటింగ్ కోసం వచ్చినట్టు లేడు. మంగలాయన నా మెడ చుట్టూ కాగితం పట్టీ చుట్టి, గుడ్డ కప్పి, "ఎంత తీయమంటావ్ బాబూ?" అని అడిగాడు. కొంచెం అన్నాను. ఆయన లెక్కలో కొంచెం వేరు.

ఎక్కడినుంచి వచ్చావ్, ఏం పని అన్నది రెండో ప్రశ్న. పుట్టగొడుగుల కోసమా అనుకున్నాడు. ఏప్రిల్ ఆఖర్లో ఈ ఊళ్ళో పుట్టగొడుగుల పండగ చేస్తారు. మోరెల్ అని, తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, వానలు పడి నేల వెచ్చబడ్డాక అడవిలో చచ్చిన చెట్ల కింద మొలుస్తుంది. నిలువునా చీల్చి, పురుగులు పోయేలా ఉప్పునీళ్ళలో వేసి, పిండి అద్ది వెన్నలో వేయించాలట. "ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగాను. కత్తెర ఆపి అద్దంలో నా మొహం చూశాడు. వెనకాయన పేపరు దించాడు. "అడవిలో" అన్నాడు మంగలాయన. ఇద్దరూ నవ్వారు. సొంత కొడుకులకి కూడా చెప్పరట ఆ చోట్లు.

హారీ డీన్ స్టాంటన్ ఊరు చూద్దామని వచ్చానంటే, "ఎవరూ?" అన్నాడు. గుడ్డ కింద నుంచి చెయ్యి తీసి ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఓ, ఈయనా! పిల్లి కోసం పోతాడే, పైనుంచి నీళ్ళు కారుతుంటే టోపీ తీసి మొహం మీద పడనిస్తాడు. ఈయన మన ఊరా?"

"మన ఊరు కాదు" అన్నాడు వెనకాయన పేపరు వెనక నుంచి. "వెస్ట్ ఇర్విన్. ఏటికి అవతల."

"రెండూ ఒకటే కదా."

"ఏటికి అవతలంటే అవతలే."

ఆ తగువు చాలాసేపు నడిచింది. చీరాల, పేరాల ఒకటేనా వేరేనా అని మా పెదనాన్న గంటలు గంటలు వాదించడం విన్న చెవులివి, నాకు హాయిగా ఉంది. వెనకాయనకి వివరాలన్నీ తెలుసు. 1926 జులైలో పుట్టాడనీ, తర్వాత కుటుంబం లెక్సింగ్టన్ వెళ్ళిపోయిందనీ చెప్పాడు. తెలిసినా గొప్పగా ఏమీ చెప్పలేదు. "వెళ్ళిపోయినవాడు" అని మాత్రం అన్నాడు.

తండ్రి మంగలి పని చేసేవాడని నేను చెప్పినప్పుడు కత్తెర మళ్ళీ ఆగింది. మంగలాయన దాన్ని బల్ల మీద పెట్టి, పాత గాజు సీసాలోంచి వెచ్చటి నురగ తీసి నా మెడ వెనక రాశాడు. మంగలికత్తి నెమ్మదిగా పైనుంచి కిందికి లాగుతూ అన్నాడు: "షాపులో పెరిగిన పిల్లలకి రెండు పనులొస్తాయి. ఊరికే కూర్చోవడం, ఊరికే వినడం. మిగతావాళ్ళకి అది నేర్పాలంటే కుదరదు."

మెడ మీద కత్తి ఉంది కాబట్టి తల ఊపలేదు గానీ, నేను చదివినవన్నీ అక్కడ ఒక్కసారి కలిశాయి. హాలీవుడ్‌లో ఈయన, నటుడు జాక్ నికల్సన్ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. నికల్సన్ పెళ్ళికి తోడుపెళ్ళికొడుకు ఈయనే. నికల్సన్ ఒక వెస్టర్న్ సినిమా రాస్తూ ఈయనకి ఒంటికన్ను దొంగ వేషం ఇచ్చి, నువ్వేమీ చెయ్యకు, బట్టలే నటిస్తాయి, నువ్వు నువ్వుగా ఉండు అన్నాడట. స్టాంటన్ జీవితమంతా చెప్పుకున్న పాఠం అది. అంతకుముందు 'గన్‌స్మోక్', 'రాహైడ్' లాంటి టీవీ వెస్టర్న్‌లలో ఎందరు దొంగలుగా చచ్చాడో లెక్కలేదు. 1983లో శాంటా ఫేలో ఒక బార్లో కూర్చుని, నాకూ కాస్త అందం, సున్నితం ఉన్న పాత్రలు వేయాలనుంది అని నాటక రచయిత శామ్ షెపర్డ్ దగ్గర వెళ్ళబోసుకున్నాడు. దాని ఫలితమే 'పారిస్, టెక్సాస్'. యాభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి హీరో. ఎర్రటోపీ పెట్టుకుని ఎడారిలోంచి నడిచొచ్చిన మనిషి దాదాపు అరగంట నోరు విప్పడు. అరగంట! మన దగ్గరైతే ఈలోపు రెండు పాటలు, ఒక ఫైటు అయిపోవాలి. ఆ సినిమాకి 1984లో కాన్స్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు, మళ్ళీ పక్క వేషాలకే వెళ్ళాడు. నాకు ఈయనలో నచ్చిందే అది. కుర్రతనంలోనే ముసలి మొహం వచ్చినవాళ్ళకి ఉండే ఓపిక అనుకుంటా. గుమ్మడి గారు కూడా అంతే కదా, తనకంటే వయసులో పెద్దవాళ్ళయిన ఎన్టీఆర్, ఏయన్నార్‌లకి తండ్రిగా వేశారు.

పౌడరు కొట్టి, గుడ్డ దులిపి అద్దం వెనక పట్టి చూపించాడు. నా బుర్ర మీద మిగిలింది చూస్తే నేవీలో చేరడానికి వెళ్తున్నట్టున్నాను. ఇరవై ఇచ్చి చిల్లర ఉంచుకోమన్నాను. వెనకాయన లేచి తలుపు దాకా వచ్చి, ఏటికి అవతల ఏ వంతెన మీదుగా వెళ్ళాలో చెయ్యి చాపి చూపించాడు. నేను ఆ వంతెన మీదుగానే వచ్చానని చెప్పలేదు. మళ్ళీ వెళ్ళాను. ఇళ్ళు, ఒక పెట్రోలు బంకు, గడ్డి కోస్తున్న ఒకామె. పది నిమిషాలు ఉండి వచ్చేశాను.

తిరుగు దారిలో 75 వద్దనుకుని 89 మీదుగా వించెస్టర్ వెళ్ళాను. కడుపులో తిప్పే మలుపులు. వాంతులయ్యేవాళ్ళు ఆ దారి పట్టకండి. వించెస్టర్‌లో ఆకుపచ్చ గాజు సీసాలో ఏలేట్ వన్ అనే అల్లం సోడా తాగాను. ఊరి సొంత సరుకు, ఇదీ 1926లోనే మొదలైంది. గోలీసోడాలో కాస్త అల్లం, కాస్త నిమ్మ వేసినట్టుంది. తీపి తక్కువ, బాగుంది. ఇంటికి అరడజను కట్ట కొన్నాను.

రాత్రి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ మెలకువగానే ఉంది. నిన్నట్నుంచి ఎక్కడికెళ్ళావ్, ఎవర్ని చూడటానికెళ్ళావ్ అని అడిగితే పేరు చెప్పాను. "ఎవరూ?" అంది. 'లక్కీ' పెట్టాను. ఆయన పోయిన రెండు వారాలకి విడుదలైన సినిమా. తొంభై ఏళ్ళ ముసలాయన ఊళ్ళో పొద్దున లేచి యోగా చేసుకుని, కాఫీ తాగి, పదబంధాలు పూరించుకుంటూ తిరగడమే కథ. అందులోనూ ఆయన నేవీలో వంటవాడే. ఐదు నిమిషాలు చూసి, "అయ్యో, గ్రీన్ మైల్ ఆయన కదూ! జైల్లో మరణశిక్ష రిహార్సల్‌కి కరెంటు కుర్చీలో కూర్చుని వాగుతూ ఉంటాడు. నాకు ఆ సినిమాలో ఆయనే ఇష్టం. ముందే చెప్తే నేనూ వచ్చేదాన్ని కదా" అంది.

తర్వాత లైటు వేసి నన్ను చూసింది. "ఇదేంటి, జుట్టంతా ఎవరు తీసేశారు?"