చిన్నమ్మ అన్న మాట

మధ్యాహ్నం చిన్నమ్మ అన్న మాట ఇంకా చెవుల్లోంచి పోవడం లేదు. చెప్పులు కూడా విడవకుండా, వెనక కాళ్లు పడిపోయిన మా కుక్క రాజుగాడి వంక చూసి, "ఇంకెన్ని దినాలు బిడ్డా ఈ తిప్పలు? ఓ సూది ఏపిస్తే దానికీ సుఖం, మీకూ సుఖం" అన్నది. వాడు ఆమె చీర కుచ్చిళ్లు వాసన చూద్దామని మెడ చాపుతున్నాడు అప్పుడే.

తిప్పలేమున్నాయి ఇందులో? నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి, లేకుంటే తుంటి ఎముక మీద పుండు పడుతుంది. పొట్ట కింద రెండు వైపులా అరచేతులు పెట్టి మెల్లగా నొక్కి మూత్రం తీయాలి. లోపల కొంచెం మిగిలినా ఇన్ఫెక్షన్ టెన్షన్. చేస్తున్నాం కదా! ఆమెను చేయమన్నామా?

అసలు ఈ మాట చిన్నమ్మ నోట రావడమే నాకు మింగుడు పడలేదు. ములుగు దగ్గర తాతవాళ్ల ఎద్దు ఒడ్డు మీంచి జారి నడుం పోగొట్టుకున్నప్పుడు ఏం జరిగిందో నాకు గుర్తుంది. కడుపు కింద గోనెసంచులు వేసి, వెదురు బొంగులు దోపి, అటు నలుగురు ఇటు నలుగురు లేపేవాళ్లు. కాసేపు నిలబెట్టి, కాళ్లకు ఆముదం రుద్ది, వరిగడ్డి మీద రెండో పక్కకు పడుకోబెట్టేవాళ్లు. తాతకు ఏ డాక్టరు చెప్పాడు? ఉడకబెట్టిన ఉలవలు పిడికిట్లో పట్టి తినిపించింది చిన్నమ్మే. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు. ఎద్దు లేవలేదు. వానలు మొదలవగానే పోయింది. చిన్నమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇది రాస్తుంటే కోపం కొంచెం తగ్గింది. ఆమె కళ్లముందున్నది ఆ ఎద్దేనేమో. పైగా ఆమె వచ్చేసరికి అమ్మ వంగి, వాడి కడుపు కింద తువ్వాలు వేసి లేపుతోంది. 18 కిలోల బరువు. చిన్నమ్మ చూసింది అక్క నడుమునేమో. అయినా సరే, వాడి ముందు అనకుండా ఉండాల్సింది.

అన్నట్టు, సాయంత్రం వెనక కాలి వేళ్లు గట్టిగా నొక్కితే వాడు తల తిప్పి, నా చెయ్యి చూసి గుర్రుమన్నాడు! కాలు వెనక్కి లాక్కోవడం ఇదివరకూ ఉంది. కానీ అది వెన్నుపాము తనంతట తాను చేసే పనట, నొప్పి మెదడు దాకా చేరినట్టు కాదని మామునూరు వెటర్నరీ కాలేజీలో డాక్టరు గారు చెప్పారు. తిరిగి చూడాలి, అరవాలి, కరవబోవాలి. అప్పుడే లెక్క.

రేపటి నుంచి తువ్వాలు పట్టడం అన్నయ్య పని. మూత్రం తీయడం నేను చూసుకుంటాను. అమ్మ వాడికి అన్నం పెడితే చాలు, వంగే పని ఒక్కటీ వద్దు. పొద్దున కాఫీ టైముకే చెప్పేస్తాను.