హస్తవాసి

నేను ఆవకాయ తినను.

ఆఫీసులో లంచ్ బల్ల దగ్గర మొదటిసారి ఈ మాట అన్నప్పుడు ఎదురుగా కూర్చున్నాయన చేతిలో ముద్ద కంచంలో వదిలేశారు. "మీది రాజోలు వైపు కదండీ?" అన్నారు, నా సర్టిఫికెట్లు దొంగవేమో అని అనుమానం వచ్చినట్టు. రాజోలు వైపే. పుట్టింది, పెరిగింది అక్కడే. గోంగూర తింటాను, చింతకాయ తింటాను, ఉసిరికాయ అయితే వేరే కూర అక్కర్లేదు. మామిడిపండు మోచేతి దాకా రసం కారుతున్నా వదలను. ఆవకాయ ముక్క మాత్రం నోట్లో పెట్టుకోలేను. చిన్నప్పుడు ఏదో జరిగే ఉంటుందని మా ఆవిడ ఇప్పటికీ ఆరా తీస్తుంది. ఏమీ జరగలేదు. కొందరికి కాకరకాయ పడదు, నాకు ఇది పడదు.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. నోరు ఊరుకోక, "కానీ పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఆవకాయ పెట్టేది నేనే" అనేశాను. ఆ రోజు బాక్సులు ఖాళీ అయ్యాక కూడా బల్ల దగ్గర్నుంచి ఎవరూ లేవలేదు.

2013 మే నెల. సంతలో కొన్న కాయలు అక్కడే ముక్కలు కొట్టించి నాన్న ఇంటికి తెచ్చారు. ఆ మధ్యాహ్నమే అమ్మ బాత్రూమ్‌లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చేసరికి రాత్రి ఎనిమిది. కొట్టిన ముక్కలు తెల్లారేదాకా ఆగవు, రంగు మారిపోతాయి. మా ఆవిడకి వేరే ఊళ్లో పరీక్షల డ్యూటీ. నాన్న వంటింటి గడప దాటి ఎరగరు. సెలవుకని వచ్చి ఇంట్లో తిరుగుతున్న వాణ్ణి నేనొక్కణ్ణే.

అమ్మ కుర్చీలో కూర్చుని ఆర్డర్లు వేసింది. ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడవాలి. జీడి తీసెయ్యాలి. లోపల కాగితంలాంటి పల్చటి పొర ఉంటుంది, గోరుతో లాగితే వస్తుంది, అదీ తియ్యాలి. టెంక లేని ముక్క కనబడితే పక్కన పెట్టాలి, మెత్తబడిపోతుంది. ఐదు గిన్నెల ముక్కలకి ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ఒక గిన్నెకి కాస్త తక్కువ, పప్పునూనె రెండు గిన్నెలు, మెంతులు గుప్పెడు. ఆవిడ గిన్నె అంటే ఇత్తడి సోల, మా బామ్మది. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. "ఆ నొక్కు దాకానే పొయ్యి, పైకి కాదు" అంటుంది. ఆ నొక్కు లేని ఇంట్లో ఆవకాయ ఎలా పెడతారో నాకు తెలియదు. తర్వాతి ఏడాది ఒక్కో సోలనీ వంటింటి కాటా మీద పెట్టి గ్రాముల్లో రాసుకున్నాను. అదే సోలలో ఉప్పు తూగినంత ఆవపిండి తూగదు. నెట్‌లో చూసి మూడూ సమానం అని గ్రాముల్లో కలిపేవాళ్ల ఆవకాయ ఎందుకు తేడా కొడుతుందో ఆ రోజు తెలిసింది.

రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుందని అందరూ అడుగుతారు. కొంత కాటా, కొంత కన్ను, ఎక్కువ ముక్కు. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపూ సాధువు. తడి తగిలాకే గింజలో ఉన్న ఎంజైమ్ ఒకటి పని మొదలుపెట్టి ముక్కుపుటాల్ని దులిపే ఆ ఘాటు పుట్టిస్తుంది. ఉప్పేమో ముక్కలోంచి నీరు లాగుతుంది. అంటే ఊట బాగా వస్తేనే ఘాటూ బాగా లేస్తుంది. మూడో రోజు తిరగకలపడానికి జాడీ వాసెన విప్పి మొహం దగ్గర పెట్టుకుంటాను. కళ్లలో నీళ్లు తిరిగి, నూనె ముక్కల పైకి తేలి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఊట తక్కువై ముద్దగా కనబడితే ఉప్పు తక్కువైనట్టే, ఇంకో గుప్పెడు పడాలి. ఇంతవరకు పెద్దగా తప్పు పోలేదు. ఒక్కసారి, 2017లో, ఉప్పు ఎక్కువైంది. మా పెదనాన్న ఒక్కరే పైకి అన్నారు. మిగతావాళ్లు అన్నం ఎక్కువ కలుపుకున్నారు.

ఇక్కడిదాకా ఆఫీసులో చెప్పాను. చెప్పనిది ఇంకోటి ఉంది.

నాది పుర్రచెయ్యి. ఎడమచేతి వాటం అని మర్యాదగా అనొచ్చు, ఒట్టి చేతివాటం అంటే మాత్రం పోలీసు కేసులోకి వస్తుంది. ప్రపంచంలో పదిమందికి ఒకరు ఇలాంటివాళ్లు ఉంటారంటారు, మా ఇంట్లో మాత్రం నేనొక్కణ్ణే. ఒకటో తరగతిలో మాస్టారు స్కేలుతో కణుపుల మీద కొట్టి రాత కుడిచేతికి మార్పించారు. అన్నం సంగతి బామ్మ చూసుకుంది, ఎడం చెయ్యి కంచం వైపు వస్తే చాలు ఒక్కటి వేసేది. అలా మా వాళ్ల లెక్కలో నాకు నయమైపోయింది. కానీ మేకు కొట్టాలన్నా, చీపురు పట్టాలన్నా, టెన్నిస్ బంతితో బౌలింగ్ చెయ్యాలన్నా ఇప్పటికీ ఎడమే. సచిన్ టెండూల్కర్ కుడిచేత్తో బ్యాటింగ్ చేసి ఎడంచేత్తో రాస్తాడని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఆయన సెంచరీలకి కూడా కలగలేదు.

ఆ రాత్రి కుడిచేత్తోనే మొదలుపెట్టాను. ముక్కని నూనెలో ముంచి, పిండిలో పొర్లించి, జాడీలో వెయ్యాలి. పది ముక్కలకే మణికట్టు మొరాయించింది, పిండి నేల మీద పడుతోంది. మందుల మత్తులో అమ్మకి కునుకు పట్టింది. చెయ్యి మార్చాను. అరగంటలో జాడీ నిండింది.

వారం తర్వాత మా పెద్దమ్మ ఒక ముక్క కొరికి, "నీ హస్తవాసి మంచిదిరా నాన్నా, ఇక ఏటా నువ్వే పెట్టు" అంది. ఎడం చెయ్యి తగిలితే ఊరగాయ బూజు పడుతుందని నా చిన్నప్పట్నుంచీ చెప్పే మనిషి ఆవిడే. ఏ చెయ్యి పెద్దమ్మా అని అడగాలనిపించింది. అడగలేదు.

అప్పట్నుంచి ఏటా ఒక పథకం. కలిపే టైముకి వంటింట్లోంచి అందర్నీ పంపేస్తాను, చెమట పడుతుంది, వెంట్రుకలు పడతాయి అని వంక. పని అయ్యాక పిల్లల్ని పిలుస్తాను. జాడీకెత్తగా బేసిన్‌కి అంటుకున్న గుజ్జులో వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, వరసగా కూర్చున్న పిల్లల చేతుల్లో ముద్దలు పెడతాను. ముద్దలు మాత్రం కుడిచేత్తోనే. మా బామ్మ పెడుతున్నప్పుడు ఆ వరసలోంచి లేచి ధాన్యం గాదె వెనక దాక్కున్న వాణ్ణి నేను.

జాడీలు హైదరాబాద్ చేరేది పాలకొల్లులో ఎక్కే రాత్రి బండిలో. అందులో నాకింకో పిచ్చి. బండి ఆగిన ప్రతి స్టేషన్లో పసుపు బోర్డు మీద పేరు కింద చిన్నక్షరాల్లో సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది, అది చదవందే నిద్ర పట్టదు. మా డెల్టాలో ఆ అంకె వందకి చాలా దూరం, సికింద్రాబాద్ చేరేసరికి 500 దాటేస్తుంది. దేశం మొత్తానికి ఆ సముద్ర మట్టం, అంటే ఎత్తుల సున్నా, లెక్కగట్టింది 1909లో, తొమ్మిది రేవుల్లో సముద్రం ఆటుపోట్లు కొలిచి. ఆ తొమ్మిదిలో మన విశాఖపట్నం ఒకటి. ఈ ముక్క ఎదురు బెర్తు వాళ్లకి చెప్పబోతే మా ఆవిడ కాలు తొక్కుతుంది.

పోయిన మే నెల పని కూడా అయింది. కారం మంట మణికట్టు దాకా ఎక్కింది. పెరట్లో కుళాయి కింద ఎంతసేపు పెట్టినా తగ్గక, వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పెద్దమ్మ అవతల మంచం మీద విసనకర్రతో విసురుకుంటోంది. అమ్మ లోపల్నించి కొబ్బరినూనె గిన్నె తెచ్చి నా పక్కన చతికిలబడింది. కుడి చెయ్యి చాపాను.

దాన్ని పక్కకి నెట్టేసి, పెద్దమ్మకి వినబడనంత మెల్లగా, "అది కాదు, రెండోది ఇలా తే" అంది.