నెలల బిడ్డకు నీళ్లు తాపాల్నా? ఆ గ్లాసు తల్లికియ్యండి

ఏప్రిల్ వచ్చిందంటే మహారాష్ట్రల ఉన్న మా సిరోంచ దిక్కు ఎండలు ఎట్లుంటయో ఇక్కడోళ్లకు చెప్పక్కర్లేదు, పొద్దున తొమ్మిదింటికే ఇంటిమీది రేకులు కాలుతుంటయ్, పగటీలి ప్రాణహిత ఇసుకల కాలు పెట్టలేం. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలల్ల 45 డిగ్రీలు దాటినా ఎవ్వరు ఇంతగనమా అని అడగరు. గట్లాంటి రోజులల్ల ఇంట్ల పసిబిడ్డ ఉంటే చూడొచ్చేటోళ్లందరు అడిగేది ఒక్కటే, "నీళ్లు తాపుతున్నరా లేదా, పొల్లకు గొంతు ఎండుకపోదా?" అని. అడిగేటోళ్లకు బిడ్డ మీద పావురమే తప్ప ఇంకేం లేదు. కానీ నా జవాబు మాత్రం సూటిగనే ఉంటది. వద్దు. ఆరు నెలలు నిండేదాక చెంచాడు కూడ వద్దు. కాచి చల్లార్చినయైనా వద్దు, చక్కెర కలిపినయి వద్దు, గ్లూకోజ్ నీళ్లు వద్దు, గ్రైప్ వాటర్ వద్దు.

ఎందుకు వద్దంటే తల్లిపాలల్ల వంద పాళ్లకు 87, 88 పాళ్లు నీళ్లే ఉంటయి. బిడ్డ పాలు తాగిందంటే నీళ్లు తాగినట్టే, పైగా అవి కాచే పని లేదు, వడపోసే పని లేదు. ఎండ ఎక్కువైతే బిడ్డ మాటిమాటికి అడుగుతది, కొంచెం కొంచెం తాగి వదిలేస్తది, మొదలు వచ్చే పాలు పల్చగ ఉంటయి కాబట్టి దాని దూప దాంతోనే తీరుతది. మనం చేయాల్సిందల్ల అడిగినప్పుడల్ల పట్టుడే, గడియారం చూసుకుంట కూసోవద్దు.

"అది చల్లటి దేశాలోళ్లు చెప్పిన మాట, మన ఎండలకు నడుస్తదా" అని చదువుకున్నోళ్లు కూడ అడుగుతరు. మంచి ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలదాక ఉత్త తల్లిపాలే అని 2001 నుంచి చెప్తున్నది, అది వేడి దేశాలకు కూడ అదే మాట. మన దగ్గర కూడ చూసిండ్రు, ఢిల్లీల ఎండాకాలంల కొందరు పసిపిల్లలకు పాలతో పాటు నీళ్లు ఇచ్చి, కొందరికి ఉత్త పాలే ఇచ్చి పోల్చి చూసిన డాక్టర్లు 1991ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల రాసిండ్రు, ఉత్త పాలు తాగినోళ్లకు నీళ్లు తక్కువ పడలేదు, నీళ్లు తాగిన పిల్లలు మాత్రం ఆ మేరకు పాలు తక్కువ తాగిండ్రు. అసలు నష్టం అక్కడనే ఉన్నది.

పుట్టిన రోజు బిడ్డ పొట్టల ఒక్కసారికి పట్టేది ఒక చిన్న చెంచాడు, ఐదు నుంచి ఏడు మిల్లీలీటర్లు అంతే. ఆ రోజు ముర్రుపాలు కూడ గట్లనే నాలుగు చుక్కలే వస్తయి, చూసినోళ్లు "పాలే పడలేదు" అని బుగులు పడ్తరు గని ఆ పొట్టకు అవ్వే సరిపోతయి. దాంట్ల మనం రెండు చెంచాల నీళ్లు పోస్తే పాలకు జాగ ఏడున్నది? నీళ్లతో పొట్ట నిండి బిడ్డ పడుకుంటది, రొమ్ము చీకదు, చీకకపోతే పాలు తయారుగావు, రెండు మూడు రోజులకు నిజంగనే పాలు తగ్గుతయి, అప్పుడు "తల్లికి పాలు సాలుతలేవు" అని డబ్బా కొనుక్కొస్తరు. చాన ఇండ్లల్ల డబ్బా పాలు మొదలైంది ఈ చెంచా నీళ్లతోనే అని నేను గట్టిగ నమ్ముత.

ఇంగో సంగతి, చిన్నపిల్లల కిడ్నీలు ఇంక ముదరలేదు, ఎక్కువ నీళ్లు పోతే బయటికి పంపే తాకత్ వాటికి ఉండదు. ఒంట్ల నీళ్లు ఎక్కువై రక్తంల సోడియం పడిపోతది, బిడ్డ మబ్బుగ అయితది, ఇంకా ఎక్కువైతే ఫిట్స్ కూడ వస్తయి. మనం చల్లదనానికని పోసిన నీళ్లు బిడ్డను దవాఖానకు పంపుతయి. బోరింగు నీళ్లు, కుండ నీళ్లు, కడగని చెంచా, వాటితోటి వచ్చే విరేచనాల సంగతి వేరే చెప్పాల్నా.

మా చెల్లె తొలి కాన్పుకు మా ఇంటికే వచ్చింది, నిండు మే నెల. మా బాపమ్మ ఇంట్ల పెద్ద, ఎందరి పురుళ్లు చూసిందో లెక్కలేదు, ఆమె చేతుల్లోనే మేమంత పెరిగినం. బిడ్డ వచ్చిన తెల్లారే సానరాయి కడిగి పెట్టింది, వసకొమ్ము అరగదీసి నీళ్లల్ల కలిపి నాలుక మీద రాస్తె మాటలు మంచిగ వస్తయని. పక్కింటి మరాఠీ కాకు (పిన్ని అన్నట్టు) బాళగుటీ అనే పసిపిల్లల మూలికల పొట్లం తెచ్చిచ్చింది, అండ్ల కూడ వసకొమ్మే ఉంటది, హిర్డా అంటే కరక్కాయ ఉంటది, జాజికాయ ఉంటది, అన్ని నీళ్లల్ల అరగదీసేటియే. నేను బాపమ్మకు చెప్పిన, వస చుక్క పోతే కొందరు పిల్లలు వాంతులు చేసుకుంటున్నరని డాక్టర్లు వద్దంటున్నరు, తేనె అయితే ఏడాది దాటేదాక ముట్టియ్యనే వద్దు, బొటులిజం అనే విషపు జబ్బు వస్తది అని. బాపమ్మ సానరాయి పక్కకు పెట్టింది గని నీళ్ల కాడ మాత్రం ఆగింది. "పాలు ఆకలికి బిడ్డా, దూపకు నీళ్లు వద్దా?" అన్నది.

అదే గదిల మా చెల్లె పెదవులు పగిలి ఉన్నయి. పిల్లకు నీళ్లు తాపుమంటున్నోళ్లే తల్లికి చెంబుల సగం నీళ్లు కాచి ఇస్తుండ్రు, అవ్వి కూడ అన్నం తిన్నంక. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట వస్తది, ఒళ్లు నీరు పడ్తది అని. బయట 45 డిగ్రీలు, లోపల కిటికీలు మూసి, నెత్తికి గుడ్డ కట్టి, రోజుకు పదిసార్లు పాలిచ్చే మనిషికి గొంతు తడుపుకునే నీళ్లు లెక్కగట్టి ఇచ్చుడు, నాకు ఇది చూస్తె కడుపు తరుక్కపోయింది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం కూడ ఇదే. మన దగ్గర నీళ్లు పోవాల్సిన దిక్కు పోతలేవు. వద్దన్న బిడ్డకు పోస్తున్నం, కావాల్సిన తల్లికి ఆపుతున్నం.

ఒక మాట తప్పు చెప్పొద్దు కాబట్టి చెప్త, తల్లి బిందెడు నీళ్లు తాగినంత మాత్రాన పాలు బిందెడు రావు, పాలు వచ్చేది బిడ్డ చీకుడు తోటి. కానీ దూప అయినప్పుడల్ల తాగాలె. పాలియ్యడానికి కూసున్నప్పుడల్ల పక్కన ఒక గ్లాసు ఉండాలె, పాలిస్తుంటెనే చాలామందికి గొంతు ఎండుతది. మజ్జిగ, గట్క అంబలి, పల్చటి పప్పుచారు, ఏదైనా మంచిదే. నీళ్లు తాగక ఉంటే తల్లికి తలనొప్పి, కండ్లు తిరుగుడు, మలబద్ధకం, మూత్రంల మంట, కుట్లు పడ్డోళ్లకైతే ఆ మలబద్ధకం నరకమే. గుండె జబ్బో, కిడ్నీ జబ్బో ఉండి డాక్టర్ నీళ్లు తక్కువ తాగుమని చెప్పినోళ్ల సంగతి వేరు.

బాపమ్మను ఒప్పించింది నా మాటలు కావు, దండెం మీది పొత్తిగుడ్డలు. ఊర్ల ఆరోగ్యం పని చూసే ఆశా తాయి (ఆశా కార్యకర్త) బిడ్డ బరువు చూడనీకి వచ్చినప్పుడు అడిగింది, దినాం ఎన్ని గుడ్డలు తడుస్తున్నయి అని. ఐదో రోజు దాటినంక ఇరవై నాలుగు గంటల్ల ఆరు, అంతకంటె ఎక్కువ సార్లు పోస్తే, ఆ పోసింది తెల్లగ పల్చగ ఉంటే బిడ్డకు నీళ్లు సాలుతున్నట్టే అన్నది. బాపమ్మ లేచి వాకిట్లకు పోయి దండెం మొత్తం చూసింది, ఒక్కొక్క గుడ్డ పట్టుకుని వాసన కూడ చూసింది, వచ్చి మంచం మీద కూసుని "లోపటికి చుక్క నీళ్లు పోనిది ఇన్ని ఏడికెళ్లి వస్తున్నయే, అంటే పాలల్లనే ఉన్నయన్నట్టు" అన్నది. అటెన్క ఎవ్వరొచ్చి అడిగినా ఆమెనే దండెం చూపెట్టి చెప్పుడు మొదలుపెట్టింది. చెల్లె పక్కన ఇత్తడి చెంబు నిండుగ ఉంచే డ్యూటీ కూడ ఆమెనే తీసుకున్నది.

ఆశా తాయిలు ఊకె రారు, దవాఖానల కాన్పు అయినోళ్ల ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి చూడాలె, అది వాళ్ల పనిలనే ఉన్నది. మీ ఇంటికి రాకుంటే పిలవండి, అడగండి. మొదటి రోజులల్ల బిడ్డ బరువు కొంచెం తగ్గుతది, వందకు 7 నుంచి 10 పాళ్ల దాక, రెండు వారాలల్ల మళ్లీ పుట్టినప్పటి బరువుకు వస్తది, దాన్ని చూసి నీళ్లు సాలక ఎండిపోతున్నదని అనుకోవద్దు. మొదటి రెండు మూడు రోజులల్ల గుడ్డ మీద ఇటుకపొడి తీరు మరక పడ్డా భయం లేదు, ఆ తర్వాత కూడ పడ్తుంటే మాత్రం పాలు సరిగ అందుతలేవని అర్థం, అప్పుడు కూడ దానికి మందు అంటే నీళ్లు తాపుడు కాదు, బిడ్డ రొమ్ము సరిగ పట్టుకుంటున్నదా అని నర్సుకు చూపియ్యాలె.

ఎక్కిళ్లు వస్తె నీళ్లు అంటరు, వద్దు, అవ్వే తగ్గుతయి, కావాలంటె కొంచెం పాలు పట్టండి. కామెర్లకు నీళ్లు, గ్లూకోజ్ అంటరు, ఇది ఇంకా తప్పు, కామెర్ల పసుపు ఎక్కువగ దొడ్డికి ద్వారానే బయటికి పోతది, పాలు ఎక్కువ తాగితెనే దొడ్డికి ఎక్కువ పోతది, నీళ్లు పోస్తె పాలు తగ్గి పసుపు లోపలనే ఉండిపోతది.

మా దిక్కు ఇంకో కష్టం ఉన్నది, మే నెలంటె తునికాకు సీజన్. తెల్లవారకముందే తల్లులు అడవికి పోతరు, బిడ్డ ముసలవ్వ కాడ ఉంటది, ఏడిస్తె అవ్వ చేతిల ఉన్నది నీళ్ల గ్లాసే. వాళ్లను పని బందు పెట్టుమని చెప్పడానికి నేనెవరిని, ఆ నాలుగు రోజుల కూలి ఏడాది ఖర్చుకు ఆసరా. పోయే ముందు పాలు పట్టి, కొన్ని పాలు చేతితో పిండి ఉడకబెట్టిన స్టీల్ గిన్నెల మూతపెట్టి పోవచ్చు, అవ్వ చెంచాతో పడ్తది. 25 డిగ్రీల చల్లదనంల పిండిన పాలు నాలుగు గంటలు ఆగుతయి, మన మే నెలల ఆ లెక్క నడవదు, ఫ్రిజ్ లేనికాడ తొందరగనే తాపెయ్యాలె. తోటి బాలింతలు ఇద్దరు ముగ్గురు పొత్తుల వంతులేసుకుని ఒకరు ఊర్ల ఉండుడు కూడ నేను చూసిన, చాన మంచి పద్ధతి.

తల్లిపాలు కుదరక డబ్బా పాలు పడ్తున్నోళ్లకు కూడ నీళ్లు వేరే అక్కర్లేదు, కలిపే దాంట్లనే ఉన్నయి. డబ్బా మీద ఎన్ని నీళ్లకు ఎన్ని చెంచాలు రాసి ఉంటె అన్నే వెయ్యాలె, ఎండకని ఇంకిన్ని నీళ్లు పోసి పల్చగ చేసుడు, డబ్బా ఎక్కువ రోజులు రావాలని చేసుడు, రెండు తీర్ల బిడ్డకే దెబ్బ. డాక్టర్ రాసిన విటమిన్ చుక్కలు, విరేచనాలప్పుడు చెప్పిన ఓఆర్ఎస్ వేరు, అవి మందులు, ఎంత చెప్తే అంత ఇయ్యాలె.

బిడ్డను చల్లగ ఉంచాలంటె లోపటికి కాదు, బయట చేయండి. టోపీ, స్వెటర్ తీసి పల్చటి నూలు అంగీ ఒక్కటి చాలు, కిటికీ తెరిచి తడిచాప కట్టండి, కూలర్ గాలి నేరుగ మీద పడకుండ చూడండి. ఆరు నెలలు నిండి మెత్తటి అన్నం మొదలుపెట్టినంక, తిన్న తర్వాత రెండు గుటకలు కాచి చల్లార్చిన నీళ్లు స్టీల్ గ్లాసుతో ఇయ్యొచ్చు, సీసా అక్కర్లేదు.

ఇవి కనపడితే మాత్రం ఇంట్ల ఏం తాపుకుంట కూసోవద్దు: బిడ్డ పాలు పట్టుడు మానేసి మబ్బుగ పడి ఉంటె, ఆరేడు గంటలైనా గుడ్డ తడవకపోతె, నడినెత్తిన మాడు గుంత పడితె, ఒళ్లు 38 డిగ్రీలు దాటి కాలుతుంటె. 102కు గని 108కు గని ఫోన్ కొట్టండి, బండి ఫ్రీ, దారిల బిడ్డ పట్టినంతసేపు పాలు పట్టుకుంటనే పోండి.