మా వాడిని పైలట్ చేద్దామా అని అడిగే వాళ్లకు

ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. బరంపురంలోనే కాదు, పర్లాకిమిడి, గుణుపురం, ఇటు ఇచ్ఛాపురం, పలాస దాకా మాకు చుట్టాలున్నారు, ఆ చుట్టాలకు మళ్లీ చుట్టాలు. "ఏటమ్మా, మీ తమ్ముడు విమానం నడుపుతున్నాడట కదా, మావోడిని కూడా చేర్పించేద్దుమా, ఎంతవుద్ది?" అని అడుగుతారు. తమ్ముడు డ్యూటీలో ఉంటే ఫోన్ ఎత్తడు కాబట్టి ఆ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. పైగా వాడి లోన్ కాగితాల మీద కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టింది నేనే, బ్యాంకు చుట్టూ తిరిగిందీ నేనే. అందుకని ఒక్కొక్కరికీ చెప్పేదేదో ఇక్కడ రాసేస్తున్నాను, దయచేసి ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీరు అడిగే "ఎంతవుద్ది" కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది.

మా గంజాం వైపు పైలట్ అనగానే పెద్దవాళ్లు బిజూ బాబు పేరెత్తుతారు. 1947లో బిజూ పట్నాయక్ డకోటా విమానం వేసుకుని జావా వెళ్లి ఇండోనేషియా నాయకుడు షహ్రిర్‌ను తీసుకొచ్చిన సంగతి ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ గర్వం మంచిదే. దానికి తోడు 2024లో మన పక్కనే ఉన్న శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు విమానయాన మంత్రి అయ్యాక జనంలో ఉత్సాహం ఇంకా పెరిగింది. రాబోయే 15, 20 ఏళ్లలో దేశానికి 30 వేల మంది పైలట్లు కావాలని ఆయన చెప్పిన మాటనే ట్రైనింగ్ కాలేజీల వాళ్లు బ్రోచర్లలో, వాట్సాప్‌లలో తిప్పుతున్నారు.

ఆ మాట తప్పు కాదు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. కానీ ఆర్డర్ పెట్టిన విమానాలన్నీ రేపు పొద్దున వచ్చి వాలవు, ఏళ్ల తరబడి విడతలవారీగా వస్తాయి. ఉన్న విమానాలు కూడా ఒక్కోసారి ఎగరవు: ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల సమస్యతో ఎన్నో ఎయిర్‌బస్సులు నెలల తరబడి నేల మీదే ఉండిపోయాయి, విమానం నిలబడిపోతే కొత్త కోపైలట్ల రిక్రూట్‌మెంట్ కూడా ఆగుతుంది. ఇంకొక విషయం బ్రోచర్‌లో ఎక్కడా రాయరు. కొరత ఎక్కువగా ఉన్నది అనుభవం ఉన్న కెప్టెన్లకు. మన పిల్లలు కోర్సు అయ్యేసరికి చేతిలో ఉండేది 200 గంటల ఫ్లయింగుతో వచ్చే కమర్షియల్ లైసెన్సు. కెప్టెన్ కావాలంటే ఇంకో పెద్ద లైసెన్సు ఉంది, దానికి 1,500 గంటలు కావాలి. ఆ గంటలు ఎగరాలంటే ముందు ఎవరో ఉద్యోగం ఇవ్వాలి. దేశంలో పైలట్ లైసెన్సులు ఇచ్చే, విమానయాన రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2023 ఒక్క ఏడాదిలోనే 1,600కు పైగా కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. వాళ్లందరూ వెళ్లి తట్టాల్సినవి అవే నాలుగైదు ఎయిర్‌లైన్ల తలుపులు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: ఖర్చు లెక్క వేసేటప్పుడు కాలేజీ ఫీజు దగ్గర ఆగిపోకండి, లైసెన్సు వచ్చాక ఉద్యోగం కోసం ఖాళీగా కూర్చునే కాలాన్ని కూడా ఖర్చుగానే రాసుకోండి. అది ఆరు నెలలు కావచ్చు, రెండేళ్లు కావచ్చు, ఎవరూ ముందుగా చెప్పలేరు. చాలా కుటుంబాలు దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

లోన్ ఎలా నడుస్తుందో చెప్తాను. ఎడ్యుకేషన్ లోన్ ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతుంది. పైలట్ కోర్సు 50 లక్షల పైమాటే, కాబట్టి ఇల్లో పొలమో కాగితాలు బ్యాంకుకు వెళ్లాల్సిందే. మా ఇంట్లో అయితే నాన్న మగ్గాలు ఉన్న పాత ఇంటి దస్తావేజులు వెళ్లాయి. మారటోరియం అంటే కోర్సు జరిగినన్నాళ్లు, దాని మీద ఒక ఏడాది, అప్పటిదాకా ఈఎంఐ ఉండదు కానీ వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 60 లక్షలు, 11 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుని లెక్క వేయండి, నెలకు 68 వేల పైచిలుకు వస్తుంది. కోర్సు కాలంలో కలిసిన వడ్డీ ఇందులో లేదు. ఇక కోర్సు కాగితం మీద ఏడాదిన్నర అని ఉంటుంది గానీ వానాకాలంలో ఎగరనివ్వరు, చలికాలం పొగమంచు, మధ్యలో ఒక విమానం రిపేరుకు పోతుంది, ఇన్‌స్ట్రక్టర్ మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, ఒక్కో విమానానికి స్టూడెంట్లు క్యూ కట్టి ఉంటారు. చాలామందికి రెండేళ్లు దాటుతుంది. బ్యాంకు మాత్రం తన దగ్గరున్న కాగితంలోని తేదీనే చూస్తుంది. కోర్సు లేటయితే కాలేజీ నుంచి లెటర్ తెచ్చి గడువు పొడిగించమని మనమే అడగాలి, వాళ్లంతట వాళ్లు పొడిగించరు.

లైసెన్సు వచ్చాక కూడా డబ్బు ఆగదు. ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానం నడపాలంటే టైప్ రేటింగ్ అని వేరే ట్రైనింగ్ చేయాలి, అది ఇంకో 15 లక్షలకు అటూ ఇటూ. కొన్నిచోట్ల ముందే సొంత డబ్బుతో చేసుకుని రమ్మంటారు, చేసుకున్నాక ఉద్యోగం ఇస్తామన్న హామీ ఉండదు. ఈలోపు లైసెన్సు బతికి ఉండాలంటే ప్రతి ఏడాదీ క్లాస్ వన్ మెడికల్ (కమర్షియల్ పైలట్లకు తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష) చేయించుకోవాలి, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడపడానికి ఉండాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రెన్యువల్ చేయించుకోవాలి, అంటే మళ్లీ డబ్బు కట్టి విమానం ఎక్కాలి.

మా తమ్ముడి లాగ్‌బుక్ చూస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. తేదీ, విమానం నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు ఎన్ని నిమిషాలు, ప్రతి ఫ్లయిట్ ఒక వరుస. ట్రైనింగ్ రోజుల్లో పేజీలకు పేజీలు నిండిపోయి ఉంటాయి, ఒకే రోజు రెండు మూడు వరుసలు. ఆ తర్వాత ఒక పేజీ వస్తుంది, అందులో ఒక వరుసకూ దాని కింది వరుసకూ మధ్య దాదాపు ఏడాది తేడా. పుస్తకంలో మాత్రం అవి పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండు వరుసల మధ్య మా నాన్న రెండు మగ్గాలు అమ్మేశారు, నేను స్కూలు అయ్యాక ట్యూషన్లు చెప్పాను, తమ్ముడు ఎవరింటికీ పెళ్లికి కూడా వచ్చేవాడు కాదు, వస్తే "ఇంకా జాబ్ రాలేదా బాబూ" అని అడుగుతారని. వాడు అప్పట్లో తెల్లవారుజామున లేచి మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ పుస్తకాలు మళ్లీ మళ్లీ చదివేవాడు, పరీక్షలు పాసైపోయినా సరే, ఎప్పుడు ఏ ఎయిర్‌లైన్ నోటిఫికేషన్ ఇస్తుందో అని. ఆ పట్టుదలే వాడిని నిలబెట్టింది, ఈ మాట నేను గర్వంగా చెప్తాను. కానీ వాడితో చదివిన వాళ్లలో అంతే కష్టపడి, ఇంట్లో ఇక ఓపిక లేక ఏదో ఆఫీసు ఉద్యోగంలో చేరిన పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు.

ఉద్యోగం వచ్చాక టెన్షన్ తీరిపోతుందని అనుకోకండి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్. ప్రతిసారీ జీతాలు ఆలస్యమై, ఈఎంఐలు నెత్తి మీద ఉన్న పైలట్లు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. కరోనా వచ్చినప్పుడు 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలే లేవు. ఇందులో ఏ ఒక్కటీ పైలట్ తప్పు కాదు. ఎంత బాగా నడిపేవాడైనా కంపెనీ మునిగితే వాడి కుర్చీ కూడా మునుగుతుంది.

ఇక ఒళ్లు. ప్రతి ఏడాదీ మెడికల్ పాసైతేనే ఆ ఏడాది ఉద్యోగం. బీపీ, షుగర్, గుండె, చూపు, ఏదైనా తేడా వస్తే తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాస్తారు, ఆ రోజు నుంచి విమానం ఎక్కనివ్వరు. ఇంకో ఉద్యోగంలో షుగర్ వస్తే మాత్ర వేసుకుని ఆఫీసుకు వెళ్తాం, ఇక్కడ అలా కుదరదు. (లైసెన్సు పోతే డబ్బు ఇచ్చే ఇన్సూరెన్స్ ఉంది, ఉద్యోగం వచ్చిన మొదటి నెలలోనే దాని గురించి కనుక్కోండి.) డ్యూటీకి ముందు బ్రెత్ టెస్ట్ ఉంటుంది, మొదటిసారి దొరికితేనే మూడు నెలలు లైసెన్సు సస్పెండ్. తాగేవాళ్ల సంగతి అలా ఉంచండి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వాడకూడదు. అమ్మ జలుబుకు ఇచ్చే హోమియో మందు తమ్ముడు ముట్టుకోడు, మొదట్లో అమ్మ బాధపడింది, ఇప్పుడు ఆవిడే సీసా మీద లేబుల్ చదివించుకుంటుంది.

నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక రోజు తెల్లవారుజామున మూడింటికి లేవాలి, రెండు రోజుల తర్వాత అదే టైముకు పడుకోవాలి. ఈ అలసట మీద పైలట్లు ఏళ్ల తరబడి పోరాడితే డీజీసీఏ రూల్స్ మార్చింది: వారానికి విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. 2025 నవంబర్‌లో అది పూర్తిగా అమల్లోకి వచ్చింది, దానికి సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోక డిసెంబర్‌లో ఇండిగో వేల ఫ్లయిట్లు రద్దు చేసింది, వెంటనే ఆ కంపెనీకి కొన్ని రూల్స్ నుంచి తాత్కాలిక సడలింపు ఇచ్చారు. ప్రయాణికులు పడ్డ అవస్థ చూసి నాకూ బాధేసింది, కానీ ఆ రోజుల్లో పైలట్లనే తిట్టిపోసిన వాళ్లను చూసి ఇంకా బాధేసింది. నిద్ర లేని మనిషి చేతిలో 180 మందిని పెట్టడం ఎవరికి మంచిది?

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది, ఎక్కడెక్కడో ఉన్న బరంపురం వాళ్లంతా ఎలాగోలా ఇంటికి చేరతారు. మా దేవాంగుల ఇళ్లలో అది పండుగ కంటే ఎక్కువ. పోయినసారి తమ్ముడికి రోస్టర్ (డ్యూటీల పట్టిక) కుదరలేదు, లీవు అడిగితే దొరకలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలినప్పుడైతే వాడు ఫోన్ ఎత్తేదాకా మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మర్నాడు వాడు మామూలుగానే డ్యూటీకి వెళ్లాడు.

వద్దని నేను ఎవరికీ చెప్పడం లేదు. తమ్ముడు ల్యాండింగ్ గురించి చెప్పేటప్పుడు వాడి ముఖం చూస్తే ఆ పని వాడి కోసమే పుట్టిందనిపిస్తుంది. మీ పిల్లకు గానీ పిల్లాడికి గానీ అంత ఇష్టం ఉంటే ఆపకండి. కానీ వరస మార్చకండి: ముందు మెడికల్, ఆ తర్వాతే ఫీజు. మొదట చేసే క్లాస్ టూ మెడికల్ చేయించి, వెంటనే క్లాస్ వన్ కూడా చేయించండి. లక్షలు కట్టేశాక రంగులు సరిగా కనిపించట్లేదని తేలితే ఎవరూ డబ్బు వెనక్కి ఇవ్వరు. వీలైతే డీజీసీఏ రాత పరీక్షల పేపర్లు కొన్ని కోర్సులో చేరకముందే పాసవ్వండి, పిల్లాడి పట్టుదల ఎంతో అక్కడే తెలిసిపోతుంది. అమేఠీ దగ్గర ప్రభుత్వ అకాడమీకి, గోందియాలో ఉన్న ఫ్లయింగ్ స్కూలుకు ఎంట్రన్స్ ఉంటుంది, వాటికి ప్రయత్నించండి. ఏ కాలేజీకి వెళ్లినా ఏజెంటుతో మాట్లాడి వచ్చేయకండి, అక్కడ చదివే పిల్లల్ని బయట టీ కొట్టు దగ్గర పట్టుకుని నెలకు ఎన్ని గంటలు ఎగురుతున్నారో అడగండి. పెద్ద ఎయిర్‌లైన్ ఒక్కటే కాదు, 2022లో ఒడిశాలోని మన జయపురానికి తిరగడం మొదలుపెట్టిన తొమ్మిది సీట్ల సెస్నా లాంటి చిన్న విమానాల్లో ఉద్యోగం వచ్చినా చిన్నచూపు చూడొద్దు, అక్కడా లాగ్‌బుక్ నిండుతుంది. లైసెన్సు తర్వాత కనీసం రెండేళ్ల ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద రాసి, ఇంట్లో అందరూ చూశాకే తాకట్టు సంతకం పెట్టండి.

మొన్న గుణుపురం నుంచి ఒకాయన ఫోన్ చేశారు, వాళ్ల అమ్మాయికి ఫిజిక్స్, మ్యాథ్స్‌లో మంచి మార్కులొచ్చాయి, జీడితోట తాకట్టు పెట్టి లోన్ తీసుకుందామనుకుంటున్నారు. అమ్మాయితోనే మాట్లాడతానన్నాను. గంటసేపు మాట్లాడింది, నా దగ్గర జవాబు లేనివి కూడా అడిగింది, అవన్నీ రాసుకున్నాను, తమ్ముడు వచ్చే వారం ఆఫ్‌లో ఉన్నప్పుడు వాడే ఫోన్ చేస్తాడు. ఈలోపు మెడికల్‌కు డేట్ తీసుకోమన్నాను, తీసుకున్నారు.