ప్రదర్శనలో నిలిచిన ట్రావెల్ ట్రైలర్‌ను కొనవచ్చా?

డాలస్‌కు ఉత్తరాన, మా ఇంటికి దాదాపు నలభై మైళ్ల దూరంలో ఉన్న ఒక ఆర్వీ (ప్రయాణాల్లో ఇల్లులా వాడుకునే బండి) డీలర్ ఆవరణలో 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్కు వెనుక కట్టి లాగే చక్రాల ఇల్లు, ఒకటి ముందు వరుసలో నిలబడి ఉండేది. అది 2023 మోడల్. కాగితం మీద దాని ధర 39 వేల డాలర్లు కాగా, 24,500కు ఇస్తామని సేల్స్‌మన్ చెప్పాడు. అది ఇంతకాలం వచ్చినవారికి చూపించడానికి పెట్టిన డిస్‌ప్లే మోడల్ కావడమే అంత తగ్గింపునకు కారణమని, ఎవరూ ఒక్క రాత్రి కూడా అందులో పడుకోలేదని అన్నాడు.

ఈ సంగతి గుంటూరులో ఉన్న అమ్మకు ఫోనులో చెప్పినప్పుడు ఆమె వెంటనే అన్న మాట ఇది: "కొట్లో బొమ్మకు కట్టిన చీర ఎవరైనా కొంటారా నాన్నా? లోపల్నించి కొత్తది తీయించు." బట్టల దుకాణంలో ఆమె ఎప్పుడూ పాటించిన పద్ధతే అది. బయట వేలాడదీసిన చీర మడతల దగ్గర, లైటు పడిన చోట రంగు వెలుస్తుందని, పదిమంది చేతులు దాని మీద పడి ఉంటాయని ఆమెకు తెలుసు. ట్రైలర్ విషయంలో ఈ భయం ఎంతవరకు నిజమో, ఏ భాగంలో నిజమో తేల్చుకోవడానికి నాకు ఆరు వారాలు పట్టింది. ఇదే ఆలోచనలో ఉన్న మనవాళ్లు టెక్సాస్‌లో ఇంకా కొందరు ఉన్నారు కనుక నేను తెలుసుకున్నది వివరంగా రాస్తున్నాను.

మాకు ట్రైలర్ ఎందుకో ముందుగా చెప్పాలి. అమ్మానాన్నలు సెప్టెంబరులో వస్తున్నారు. నాన్నగారికి మధుమేహం ఉంది. ఇన్సులిన్ చల్లగా ఉండాలి, గంటన్నరకు ఒకసారి బాత్రూమ్ కావాలి, వేళకు ఇంటి భోజనం కావాలి. గత పర్యటనలో పశ్చిమ టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కు దాకా కారులో వెళ్లినప్పుడు ఆయన దారి పొడవునా నీళ్లు తాగడం మానేశారు. ఎక్కడ ఆపవలసి వస్తుందోనన్న మొహమాటమే దానికి కారణమని నాకు రెండో రోజు గాని తెలియలేదు. వంటగది, ఫ్రిజ్, బాత్రూమ్ మన వెంటే ఉంటే ఆయన మళ్లీ అలా దాహంతో కూర్చోవలసిన అవసరం ఉండదు.

డిస్‌ప్లే మోడల్ అన్న మాట వినగానే మన కళ్లు వెళ్లేది సోఫా మీది మరకలకు, డ్రాయర్ల బందులకు, నేల మీది గీతలకు. నేను కూడా మొదటి రోజు అవే చూశాను. పైబెర్తు నిచ్చెన కాస్త వదులుగా ఉంది, కిటికీ తెర ఒకటి సరిగా పైకి లేవడం లేదు, బాత్రూమ్ తలుపు గొళ్లెం అరిగింది. వందలమంది ఎక్కి దిగిన ఇంటికి ఇవి సహజం. ఇవి కంటికి కనబడతాయి, తక్కువ ఖర్చుతో బాగుపడతాయి. నిజానికి మనుషుల రాకపోకల వల్ల ట్రైలర్‌కు జరిగే నష్టం చాలా తక్కువ. దాన్ని పాడుచేసేవి ఎండ, వాన, వడగళ్లు, ఇంకా ఎవరూ వాడకపోవడం.

ఇక్కడ డిస్‌ప్లే అనే ఒకే మాట కింద రెండు వేరువేరు వస్తువులు దాగి ఉన్నాయి. చలికాలంలో పెద్ద హాళ్లలో జరిగే ఆర్వీ ప్రదర్శనలకు తెచ్చిన ట్రైలర్‌లోకి నాలుగైదు రోజుల్లో వేలమంది ఎక్కుతారు, కానీ అది ఆ రోజులన్నీ కప్పు కిందే ఉంటుంది. డీలర్ ఆవరణలో ముందు వరుసలో పెట్టినదానిలోకి రోజుకు పదిమంది ఎక్కవచ్చు, అయితే అది ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడుతుంది. మొదటిదాన్ని చూసి మనం ఎక్కువగా జంకుతాం. జంకవలసింది రెండవదాన్ని చూసి.

అందువల్ల అడగవలసిన మొదటి ప్రశ్న ఎంతమంది ఎక్కారన్నది కాదు, ఎన్నాళ్లు నిలబడిందన్నది. దీనికి సేల్స్‌మన్ జవాబు మీద ఆధారపడవలసిన పని లేదు. ట్రైలర్ ఎడమ పక్క ముందు భాగంలో, బయటి నుంచే చదవగలిగేలా అంటించిన లేబుల్ మీద అది తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. నేను చూసినది 2022 ఆగస్టులో తయారైంది. అంటే 2025 ఏప్రిల్‌లో నేను చూసేనాటికి దానికి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆర్వీలలో మోడల్ సంవత్సరం క్యాలెండరు కంటే ముందే మొదలవుతుంది కనుక 2023 అన్న అంకెను చూసి వయసు లెక్కకడితే పొరపాటు పడతాం. టైరు పక్క మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలోని చివరి నాలుగు అంకెలు కూడా ఇదే కథ చెబుతాయి. మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. అక్కడ 2722 అని ఉంది, అంటే 2022లో ఇరవై ఏడవ వారం. ట్రైలర్ టైర్లు అరిగిపోవడం కంటే ముందు వయసుతోనే చెడిపోతాయి. కదలకుండా ఒకే చోట బరువు మోస్తూ టెక్సాస్ ఎండలో నిలిచిన టైరుకు గాట్లు నిండుగా ఉన్నా లోపలి రబ్బరు ఎండిపోతుంది. అయిదారేళ్లకు మార్చాలన్నది సాధారణంగా చెప్పే లెక్క కనుక, ఒక్క మైలు నడవకముందే ఆ టైర్ల ఆయుష్షులో సగం దాకా అయిపోయింది.

ఇంత పాత సరుకు డీలర్ల దగ్గర ఎందుకు మిగిలిందో తెలిస్తే బేరానికి ఉపయోగపడుతుంది. కోవిడ్ కాలంలో జనం విమానాలు, హోటళ్లు మానుకొని ఆర్వీల వెంట పడ్డారు. 2021లో అమెరికాలో ఆరు లక్షల ఆర్వీలు తయారై డీలర్లకు చేరాయి, అది మునుపెన్నడూ లేని సంఖ్య. 2023కు అది 3 లక్షల 13 వేలకు పడిపోయింది. ఈ దేశంలో ఆర్వీలలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌ఖార్ట్ పరిసరాల్లోనే తయారవుతాయి. గిరాకీ తగ్గిన తరువాత అక్కడి నుంచి వచ్చి చేరినవి ఎన్నో అమ్ముడుపోక ఆవరణల్లో నిలిచిపోయాయి. డీలర్ వాటిని సొంత డబ్బుతో కొనడు. ఫ్లోర్ ప్లాన్ అనే అప్పు మీద తెచ్చి, అమ్ముడయ్యేదాకా ప్రతి నెలా వడ్డీ కడతాడు, సరుకు పాతబడిన కొద్దీ అసలులో కొంత భాగాన్ని కూడా తీర్చవలసి వస్తుంది. కాబట్టి రెండున్నరేళ్లు నిలబడిన ట్రైలర్ మీద ఇచ్చే తగ్గింపు మనకు చేస్తున్న ఉపకారం కాదు. అది పోవడం మన కంటే అతనికే ఎక్కువ అవసరం. ఈ సంగతి తెలిసిన తరువాత నేను మాట్లాడిన తీరే మారింది.

ఇక పైకప్పు. నా అభిప్రాయంలో కొనాలా వద్దా అన్నది తొంభై పాళ్లు ఇక్కడే తేలుతుంది. ట్రైలర్ కప్పు మీద సాధారణంగా రబ్బరు లాంటి పల్చని పొర పరిచి ఉంటుంది. గాలి గొట్టాలు, ఏసీ, స్కైలైటు, అంచులు కలిసే ప్రతి చోటా నీరు దిగకుండా సీలెంట్ అనే లేపనం పూస్తారు. ఆ సీలెంట్ ఎండకు ఎండి, చలికి ముడుచుకొని బీటలు వారుతుంది. అందుకే ఏడాదిలో కొన్నిసార్లు దాన్ని పరిశీలించి, అవసరమైన చోట మళ్లీ పూయాలని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. ఆ పని చేయకపోవడం వల్ల నీరు దిగితే వారంటీ వర్తించదని కూడా వాటిలోనే ఉంటుంది. మన ఇంటి ముందు ఉన్న ట్రైలర్‌కు ఈ పని మనం చేస్తాం. డీలర్ ఆవరణలో ముప్పై రెండు నెలలు నిలిచినదానికి ఎవరు చేశారు? నేను ఈ ప్రశ్న అడిగినప్పుడు సేల్స్‌మన్ సర్వీసు విభాగాన్ని అడిగాడు, వారు కంప్యూటర్‌లో వెతికారు, ఏ రికార్డూ దొరకలేదు. ఉత్తర టెక్సాస్‌లో ప్రతి వసంతంలోనూ వడగళ్ల వానలు పడతాయని ఇక్కడ ఇల్లు ఉన్న ప్రతివారికీ తెలుసు. కారు బానెట్ మీద సొట్ట కనబడుతుంది కానీ, పదకొండు అడుగుల ఎత్తున ఉన్న ఏసీ మూత మీది పగులు కింద నిలబడిన మనిషికి కనబడదు.

నీరు ఒకసారి లోపలికి దిగిందంటే చెక్క చట్రం నెమ్మదిగా కుళ్లుతుంది, అతికించిన గోడలయితే పొరలు విడిపోయి ఉబ్బుతాయి. ఉబ్బును చూడాలంటే పొద్దున్నే గాని సాయంత్రం గాని ఏటవాలు వెలుగు పడేటప్పుడు గోడ పొడవునా చూపు సారించాలి. లోపల పై అరల మూలల్లో, పడక కింద, బయటికి జరిగి గదిని పెద్దది చేసే స్లైడ్ అవుట్ అంచుల్లో వేళ్లతో గట్టిగా నొక్కి చూడాలి.

రెండవసారి వెళ్లినప్పుడు కరెంటు, నీరు, గ్యాసు కలిపి అన్నీ నడిపి చూపించమని కోరాను. డిస్‌ప్లేలో ఉన్నదానికి దీపాలు వెలగడానికి మాత్రమే కరెంటు ఇస్తారు. నీళ్ల పంపు, వాటర్ హీటరు, గదిని వెచ్చబరిచే ఫర్నేసు, పొయ్యి ఫ్యాక్టరీ వదిలిన తరువాత ఒక్కసారి కూడా నడిచి ఉండకపోవచ్చు. వాడనిది కనుక కొత్తది అనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఫర్నేసు, వాటర్ హీటరు గొట్టాలలో కందిరీగలు మట్టిగూళ్లు కడతాయి, కింది భాగంలోకి ఎలుకలు చేరతాయి, ఛార్జి లేకుండా ఉంచిన బ్యాటరీ తిరిగి కోలుకోదు. గ్యాసు లీకును పసిగట్టే డిటెక్టరుకు కూడా కాలపరిమితి ఉంటుంది, సాధారణంగా వెనుక ముద్రించిన తేదీ నుంచే ఆ లెక్క మొదలవుతుంది.

మూడు గంటలు పట్టిన ఆ పరీక్షలో ఒక లోపం బయటపడింది. బయట కాళ్లు కడుక్కోవడానికి పెట్టిన చిన్న షవరు కుళాయి లోపలి వైపు నుంచి ధారగా కారసాగింది. 2022 డిసెంబరు చివరి వారంలో డాలస్ ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే చలి వచ్చిన సంగతి మాకందరికీ గుర్తుంది. చలికాలానికి ముందు గొట్టాలను ఖాళీ చేసేటప్పుడు ఎక్కువగా మరచిపోయేది ఆ బయటి కుళాయినే. డీలర్ దాన్ని ఉచితంగా మారుస్తామన్నాడు. మార్చినా సరే, గోడ లోపల ఇంకెక్కడ పగిలి ఉందోనన్న అనుమానం నాలో మిగిలిపోయింది.

కాగితాల విషయంలో నేను పట్టుబట్టినవి రెండు. ఆ ట్రైలర్ ఇంతకుముందు ఎవరి పేరునా, అద్దెకిచ్చే సంస్థ పేరున అయినా సరే, టైటిల్ (యాజమాన్య పత్రం) కాలేదని రుజువు కావాలి. తయారీదారు జారీ చేసే మూల ధ్రువపత్రం ఇంకా డీలర్ చేతిలోనే ఉంటే అది చట్టరీత్యా కొత్తదే. లోపాలున్న కొత్త వాహనం కొన్నవారిని కాపాడే టెక్సాస్ లెమన్ చట్టం కార్లతో పాటు లాగే ఆర్వీలకు కూడా వర్తిస్తుంది కనుక ఈ తేడా చిన్నది కాదు. రెండవది, వారంటీ నాకు అప్పగించిన రోజు నుంచే మొదలవుతుందని తయారీదారు నుంచే లిఖితంగా రావాలి. ఫ్రిజ్, ఏసీ వంటివాటికి వాటి కంపెనీల వారంటీలు వేరుగా ఉంటాయి కాబట్టి వాటి సంగతి కూడా ఒక్కొక్కటిగా రాయించుకోవాలి. లోపం సరిచేయడానికి తయారీదారు వెనక్కి పిలిచే రీకాల్స్ ఉన్నాయేమో, ఆ బండి గుర్తింపు సంఖ్య అయిన వీఐఎన్ నంబరుతో నేనే చూసుకున్నాను.

ట్రక్కు లాగగలదా అన్నది డిస్‌ప్లేకు సంబంధించిన ప్రశ్న కాదు గాని, చవక ధర చూసి చాలామంది దాన్ని మరచిపోతారు. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కుకు ట్రైలర్‌ను తగిలించే అమరిక) మీద పడుతుంది. ఆ బరువుకు హిచ్ బరువు, మనుషుల బరువు కలిపితే వచ్చే మొత్తం డ్రైవర్ తలుపు చట్రం మీద రాసిన పరిమితికి లోబడి ఉండాలి. మా పికప్‌కు అది సరిపోయింది.

డిస్‌ప్లే మోడల్‌కు ఒక నిజమైన మేలు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కొత్త ట్రైలర్ తలుపు తీయగానే కళ్లు మండే వాసన వస్తుంది. ప్లైవుడ్, జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువు దానికి ఒక కారణం. 2005 నాటి కత్రినా తుపాను బాధితులకు ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్లలో ఇదే పెద్ద సమస్య అయింది. ఆ తరువాత నియమాలు కఠినమయ్యాయి. కాలం గడిచి, తలుపులు తెరిచి మూసిన కొద్దీ ఈ వాసన తగ్గుతుంది. ఉబ్బసం ఉన్న అమ్మకు ఇది చిన్న విషయం కాదు.

చివరికి కొన్ని వందల డాలర్లు ఇచ్చి, డీలర్‌తో సంబంధం లేని ధ్రువీకృత ఇన్‌స్పెక్టరును పిలిపించాను. ఇంత పెద్ద కొనుగోలులో అంతకంటే మంచి ఖర్చు నాకు తెలియదు. ఆయన కప్పు ఎక్కి ఫోటోలు తీశారు, తేమ మీటరుతో నాలుగు మూలలూ చూశారు. మూడు మూలలు పొడిగా ఉన్నాయి. వెనుక ఎడమ మూలలో, సరిగ్గా పిల్లలు పడుకునే పైబెర్తు వెనుక, మీటరు అంకె పైకి పోయింది. ఆ మూలకు నేరుగా పైన సీలెంట్ వేలెడంత పొడవున విడిపోయి ఉంది. డీలర్ మళ్లీ సీలెంట్ పూసి, ఇంకో వెయ్యి డాలర్లు తగ్గిస్తానన్నాడు. గోడ విప్పి చూపిస్తారా అని అడిగాను. అది కుదరదన్నాడు. అడ్వాన్సు ఇవ్వలేదు కనుక నమస్కారం చెప్పి వచ్చేశాను.

మే నెలలో అదే రకం ఇంకొకటి వేరే డీలర్ దగ్గర దొరికింది. అది కూడా డిస్‌ప్లేలో పెట్టినదే, చలికాలపు ప్రదర్శనకు తీసుకువెళ్లి ఆ తరువాత షెడ్డు కింద ఉంచినది. ధర మూడున్నర వేలు ఎక్కువ. మెట్ల మీది రబ్బరు పూర్తిగా అరిగింది, సోఫా మీద ఎవరో పిల్లవాడు పెన్నుతో గీసిన గీత ఉంది. అదే ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చి నాలుగు మూలలూ చూశారు, నాలుగూ పొడిగా ఉన్నాయి. కప్పు మీద ఈసారి నేనూ ఆయన వెంట ఎక్కాను, సీలెంట్‌లో ఎక్కడా బీట లేదు. కిందికి దిగి టైరు పక్కన కూర్చుని చూస్తే చివరి అంకెలు 3124 అని ఉన్నాయి. ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టాను.