సగంలో ఆగిన బాపు స్వెట్టర్‌ని మళ్ళీ అందుకున్నాను: నా అనుభవం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా ఇంట్లో ఊలు సంచి అటక ఎక్కేది కూడా అప్పుడే. ఎండాకాలంలో అల్లిక సాగదు. వేళ్ళకు చెమట పడితే ఊలు సూదిని పట్టుకుంటుంది, కుట్టు జారదు. ఒళ్ళో సగం అల్లిన స్వెట్టర్ పెట్టుకుంటే ఉక్కపోత ఇంకో ఎత్తు. అందుకని ఎంతవరకు వస్తే అంతవరకు ఆపి దాచేస్తాను. మళ్ళీ దీపావళి దాటి, తెల్లారి వాకిలి ఊడ్వడానికి శాలువా కప్పుకోవాల్సి వచ్చినప్పుడు సంచి కిందికి దిగుతుంది.

మాది ఆదిలాబాద్. చలికాలం పొద్దున పది డిగ్రీల కిందికి దిగడం ఇక్కడ మామూలే. స్వెట్టర్ ఇక్కడ ముచ్చటకు వేసుకునేది కాదు. అందులోనూ మా బాపు, అంటే మా నాన్న, ఎంత చలైనా తెల్లవారుజామున నడక మానడు.

ఈసారి సంచిలో ఉన్నది బాపు స్వెట్టరే. గుండీలతో ముందు తెరుచుకునే రకం, ముదురు బూడిద రంగు. వెనక భాగం, రెండు ముందు భాగాలు, కుడి చెయ్యి అయిపోయాయి. ఎడమ చెయ్యి సగంలో ఉంది.

దాచేముందు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. సూది తీసేసి, ఆ కుట్లన్నిటిలోంచీ ఒక నూలు దారం పోనిచ్చి ముడేస్తాను. నెలల తరబడి సూది మీదే వదిలేస్తే ఆ వరస దగ్గర సాగి గీత పడుతుంది, ఉతికినా సరిగా పోదు. దారానికి ఒక చీటీ కట్టి సూది మందం మిల్లీమీటర్లలో రాస్తాను. వట్టి నంబర్ రాస్తే తికమక. మన దుకాణాల్లో దొరికే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు ఉంటాయి, నంబర్ పెరిగితే సూది సన్నబడుతుంది. ఎనిమిదో నంబర్ అంటే 4 మిల్లీమీటర్లు, పదో నంబర్ 3.25. అమెరికా డిజైన్లలో ఎనిమిది అంటే 5 మిల్లీమీటర్లు. చీటీ మీద "4" అని ఉంటే ఇక ఏ అనుమానమూ ఉండదు.

సంచి విప్పగానే ముందు పురుగు చూశాను. అసలైన ఊలును తినేది చిన్న లేత రంగు రెక్కల పురుగు కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగులు. యాక్రిలిక్ వాటికి పట్టదు, కానీ బాపుకని కొన్నది నిఖార్సైన ఊలు. చెమట, కూర మరకలు ఉన్న ఊలంటే వాటికి మరీ ఇష్టం, అందుకే ఏదైనా శుభ్రంగా ఉంటేనే దాస్తాను. కలరా ఉండలు వేయను. ఆ వాసన పట్టిందంటే వదలదు, బాపుకు దగ్గు. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెడతాను. ఒక్కో భాగాన్నీ కిటికీ వెలుతురుకు పట్టి చూశాను, ఎక్కడా చిల్లి లేదు. ప్రాణం కుదుటపడింది.

ఇక అసలు సంగతి. చాలామంది ఇక్కడే నేరుగా స్వెట్టర్ అందుకుంటారు. నేను అందుకోను. నెలల తర్వాత సూది పట్టిన చెయ్యి బిగుసుకుని ఉంటుంది. మొదట ఒక చిన్న ముక్క అల్లి కొలిచాను. ఈ స్వెట్టర్ పది సెంటీమీటర్లకు 22 కుట్ల లెక్కన మొదలైంది, ముక్కలో 24 వచ్చాయి. రెండు కుట్లే కదా అనిపిస్తుంది. వెనక భాగం 110 కుట్లు. 22 లెక్కన అది 50 సెంటీమీటర్లు, 24 లెక్కన 46కు కాస్త తక్కువే. ముందూ వెనకా కలిపితే చుట్టుకొలతలో ఎనిమిది సెంటీమీటర్లు పోయినట్టు. చేతి దగ్గరైతే పై సగం బిగుతుగా, కింది సగం వదులుగా వచ్చి కంటికి ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ముందు పక్కింటి పసిపాపకు టోపీ, దాని తర్వాత ఒక మఫ్లర్ అల్లాను. మఫ్లర్ సగానికి వచ్చేసరికి చెయ్యి దారిలో పడింది, కుట్లు మళ్ళీ 22కు వచ్చాయి.

ఆ తర్వాత, ఎడమ చెయ్యి ఎక్కడ ఆగిందో కనిపెట్టాలి. నాకు ఈ పనంటే ఇష్టం. అల్లిన గుడ్డ అన్నీ దాచి ఉంచుతుంది, చదవడం తెలిస్తే చాలు. చేతికి మణికట్టు దగ్గర 52 కుట్లతో మొదలుపెట్టి, ప్రతి ఆరో వరసలో అటొకటి ఇటొకటి పెంచుకుంటూ 80 దాకా పోవాలి. దారం మీద ఉన్న కుట్లు లెక్కపెడితే 68. అంటే ఎనిమిది సార్లు పెంచడం అయింది, ఇంకా ఆరు మిగిలాయి. అంచున చూస్తే పెంచిన చోటల్లా కుట్టు కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది. అన్నిటికంటే పైనున్న ఒరిగిన కుట్టు దగ్గర పిన్నీసు గుచ్చి, దాని పైన వరసలు లెక్కపెట్టాను. సీదా వైపు, అంటే వేసుకుంటే బయటికి కనిపించే వైపు, ప్రతి కుట్టూ ఇంగ్లీషు వి అక్షరంలా ఉంటుంది, ఒక్కో వి ఒక్కో వరస. దారం మీదున్న కుట్లను కూడా ఒక వరసగా లెక్కలో కలపాలి, చాలామంది అక్కడే తప్పుతారు. మొత్తం నాలుగు వచ్చాయి. అంటే ఇంకొక మామూలు వరస, ఆ తర్వాతది పెంచే వరస.

ఆ మామూలు వరస సీదానా, ఉల్టానా (లోపలి వైపు నుంచి అల్లేదా)? సీదా వైపు నా ముఖంగా పెట్టుకుంటే ఊలు కొస ఎడమ అంచున వేలాడుతోంది. అంటే సీదా వరస పూర్తయింది, తిప్పి ఉల్టా అల్లాలి. లెక్కకు లెక్క సరిపోయింది. కుడి చేతిని పక్కనే పరుచుకుని, దానికి ఎక్కడెక్కడ పెంచానో అక్కడ పిన్నీసులు గుచ్చి, దాన్ని చూస్తూ ఎడమది నడిపించాను.

పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దుండదని ఊరికే అనలేదు. ముదురు బూడిద రంగు ట్యూబులైటు కింద అసలు కనపడదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మేడ మీద ఎండలో కూర్చుని అల్లిందే పని, రాత్రి పూట మఫ్లర్లే.

ఊలు తగ్గుతుందని చెయ్యి పూర్తవుతుండగానే తెలిసిపోయింది. గుండీ పట్టీలకు, మెడకు చాలదు. ఊలు ఉండకు చుట్టిన కాగితం మీద రంగు నంబర్‌తో పాటు లాట్ నంబర్ కూడా ఉంటుంది. రంగు ఒకటే అయినా వేరే లాట్ అంటే వేరే తొట్టిలో అద్దిన ఊలు, ఛాయ కొంచెం మారుతుంది. ఆ కాగితం దాచి ఉంచాను, నాగపూర్ వెళ్తున్న మా వదినకు ఫొటో తీసి పంపాను. రంగు దొరికింది, లాట్ దొరకలేదు. రెంటినీ ఎండలో పక్కపక్కన పెడితే కొత్తది ఒక పిసరు నీలం వైపు పోతోంది. పాతదంతా చేతికే వాడి, కొత్తది పట్టీలకూ మెడకూ వాడాను. అక్కడ ఒక సీదా ఒక ఉల్టా అల్లిక, చారలు చారలుగా వెలుగు నీడలు పడతాయి, ఛాయ తేడా అందులో కలిసిపోతుంది. చేతి మధ్యలో మారిస్తే మాత్రం అడ్డంగా గీత గీసినట్టు ఉండేది.

"గా చెయ్యి ఎప్పుడైతది బిడ్డా?" అని బాపు రోజూ అడుగుతూనే ఉన్నాడు.

పెద్దవాళ్ళకు అల్లేటప్పుడు పుస్తకంలో కొలతలు పనికిరావు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను. బాపుకు వీపు కొంచెం వంగింది. మామూలు స్వెట్టర్ వేస్తే ముందు కిందికి వేలాడుతుంది, వెనక నడుము పైకి లేచిపోతుంది, చలి తగిలేది సరిగ్గా అక్కడే. అందుకే వెనక భాగం మధ్యలో కొన్ని వరసలు చివరిదాకా పోకుండా సగంలోనే తిప్పి అల్లాను. అంచులు అలాగే ఉండి నడుమ మాత్రం మూడు సెంటీమీటర్ల పొడవు పెరిగింది. భుజం నొప్పి వల్ల చెయ్యి వెనక్కి పోదు, కాబట్టి చంక వదులుగా పెట్టాను. గుండీలు పెద్దవి, రూపాయి బిళ్ళంతవి, మధ్యలో రంధ్రాలున్నవి కాకుండా వెనక కొక్కెం ఉన్నవి కొన్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా అవి పట్టుకోవడానికి వీలుగా ఉంటాయి.

భాగాలన్నీ కలిపి కుట్టాక గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం వేసి నానబెట్టాను. వేడి నీళ్ళు పోసి రుద్దితే ఊలు ముడుచుకుని గట్టిపడిపోతుంది, దాన్ని మళ్ళీ సాగదీయడం ఎవరి వల్లా కాదు. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, నులక మంచం మీద పాత చీర పరిచి, నీడలో కొలతలు సరిచేసి ఆరేశాను. తీగ మీద వేస్తే నీటి బరువుకు సాగిపోతుంది. నులక సందుల్లోంచి కింద కూడా గాలి తగులుతుంది కాబట్టి తొందరగానే ఆరింది.

బాపు మర్నాడే వేసుకుని నడకకు పోయాడు. వచ్చి "మస్తుగుంది బిడ్డా, గని జేబేది?" అన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకోవడానికట. కొత్త లాట్ ఊలు ఒక ఉండ మిగిలే ఉంది. కుడి ముందు భాగం మీద 26 కుట్లు ఎత్తుకుని, పట్టీ అల్లికతోనే జేబు మొదలుపెట్టాను.